దేశమునకు పద్దు వ్రాసినవారు

క్రీస్తుశకము 1876వ సంవత్సరమున, మన పంచాంగపు లెక్కలో ధాత సంవత్సరమున, వానలు ముఖము చాటువేయగా, కడప, బళ్లారి, కర్నూలు, నెల్లూరు మండలములలో చేలు బీటలువారి, చెరువులు ఎండి, పల్లెలకు పల్లెలు పాడువడి, నేటికిని రాయలసీమలో ధాత కరువు అను పేరనే స్మరింపబడుచున్న మహాక్షామము ప్రారంభమైనది. రెండేండ్లపాటు దక్షిణదేశమును దహించిన ఆ క్షామమున బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే యేబది లక్షలకు పైగా జనులు నశించిరి. ఆ 1876వ సంవత్సరముననే బొంబాయి నగరమున, ఈస్టిండియా అసోసియేషను శాఖాసభలో, దాదాభాయి నౌరోజీ భారతదేశ దారిద్ర్యమును గూర్చి విపులమైన వ్యాసమును చదివి, పాలకులు తమంతట తాము వేసికొనని ప్రశ్నలను సభాముఖమున నిలిపెను. ఈ దేశమున ఒక్క సంవత్సరములో పుట్టు సంపద యెంత? దానిని జనులందరికి సమముగా పంచినచో తలకు వచ్చున దెంత? ఆ వచ్చునది ప్రాణము నిలుపుకొనుటకైనను చాలునా?

నౌరోజీకి సిబ్బంది లేదు. ఊరూర తిరిగి వివరములు సేకరింపగల అధికారము లేదు. ఆయన చేతనున్నవన్నియు ప్రభుత్వము వారే అచ్చొత్తించిన రాష్ట్ర పరిపాలనా నివేదికలు. వానినుండి ఏ రాష్ట్రమున ఏ పైరు ఎన్ని యెకరములలో సాగైనదో, ఎకరమునకు దిగుబడి యెంతో, అంగటి ధర యెంతో యేరి తీసి, గుణించి, విత్తనములకై పోవు భాగమును తగ్గించి, ఉప్పు, బొగ్గు మున్నగువాని విలువను, చేతిపనుల రాబడిని కలిపి, 1867-68వ సంవత్సరమునకు బ్రిటిషిండియా సంపదను 340 కోట్ల రూపాయలుగా తేల్చెను. ఆనాటి 17 కోట్ల జనాభాకు దానిని పంచగా తలకు వచ్చినది 20 రూపాయలు. విదేశములకు ఓడలపై పంపబడు కూలీలకు సర్కారువారు నిర్ణయించిన తిండిబట్టల కొలతలను తీసికొని ఆయన వెల కట్టగా, కేవలము శరీరము నిలుచుటకే యేటికి 34 రూపాయలు కావలసి వచ్చెను. ఇరువదికిని ముప్పదినాలుగింటికిని నడుమనున్న ఆ యంతరములో ఒక జాతి దుఃఖమంతయు ఇమిడియున్నది. పాలకుల పద్దు పుస్తకమే పాలకులపై సాక్ష్యము పలికినది.

మనిషికి ఎంత తిండి కావలెనన్న ప్రశ్న ఆనాడు పండితుల చర్చలకు మాత్రమే పరిమితమైనది కాదు. 1877 ఆరంభమున మద్రాసు రాజధానికి క్షామ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనికి వచ్చిన మగవానికి దినకూలి ఒక పౌను ధాన్యము, ఒక అణా మాత్రమే చాలునని శాసింపగా, మద్రాసు ఆరోగ్య శాఖాధిపతి డాక్టరు కార్నిష్ ఆ పరిమాణముతో కష్టము చేయు శరీరము నిలువజాలదని తీవ్రముగా ప్రతిఘటించెను. ఆ వాదమును మద్రాసు నగరమున పత్రికా సంపాదకుడుగా నుండి కన్నులార చూచినవాడు విలియం డిగ్బీ. దక్షిణదేశపు క్షామ నివారణ చరిత్రను రెండు సంపుటములుగా వ్రాసిన ఆ డిగ్బీయే, పావు శతాబ్దము గడచిన పిదప, జాతీయాదాయ వివాదమున నౌరోజీ పక్షమున నిలిచి ప్రభుత్వముతో తలపడెను.

ఆ వివాదమున వెలువడిన అంకెలను వరుసగా పేర్చి చూచినచో ఒక విశేషము బోధపడును. 1882లో బేరింగ్, బార్బర్ అను ఉన్నతోద్యోగులు తలసరి ఆదాయము 27 రూపాయలనిరి. 1901లో వైస్రాయి కర్జన్ ప్రభువు 30 రూపాయలని ప్రకటించి, ప్రజలు అభివృద్ధి చెందుచున్నారని తేల్చెను. ఆ యేటనే డిగ్బీ తన గ్రంథమున అది 18 రూపాయలకు మించదని వాదించెను. ఈ అంకెలన్నియు ఒక్క పద్ధతిపై కట్టినవి కావు. ఒకరు పరిగణించిన పైరులను మరియొకరు పరిగణింపలేదు. ఒకరు లెక్కించిన ధరలు మరియొకరివి కావు. కావున ఇరువది ముప్పదియైనదన్న మాట వృద్ధికి నిదర్శనము కాదు, ముప్పది పదునెనిమిదైనదన్న మాట క్షయమునకు నిదర్శనము కాదు. ఒంటరి అంకె వాదమునకు ఆయుధము కాగలదే కాని, కాలగతికి సాక్షి కాజాలదు. ఒకే కొలతతో, ఒకే పద్ధతిపై, ఏటేట, నెలనెల, తప్పక వెలువడు అంకెల వరుస యేర్పడిననాడే దేశము తన యార్థిక గతిని తాను చూచుకొనగలిగినది. అట్టి వరుస యేర్పడుటకు మన దేశమున ఎన్ని తరముల శ్రమ పట్టినదో చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఆ వరుసకు మొదటి మెట్టు ఢిల్లీలో లేదు, కలకత్తాలో లేదు. గ్రామ కరణము ఇంటి వసారాలో నున్నది. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, కడప, బళ్లారి సీమలలో చేను చేనును కొలిపించి రైత్వారీ పద్ధతికి దారి వేసినది మొదలు, శిస్తు నిర్ణయమునకై గ్రామ లెక్కలు తప్పనిసరియైనవి. ఏ సర్వే నంబరులో ఏ రైతు ఏ పైరు వేసెనో, తరియెంతో, మెట్టయెంతో, బీడెంతో కరణము అడంగలులో వ్రాయవలెను. ఫిర్కా అధికారి అజమాయిషీకి వచ్చి చేల గట్లవెంట నడచి సరిచూడవలెను. ఆ మొత్తములు తాలూకా కచేరికిని, అందుండి కలెక్టరుకును, అందుండి మద్రాసులోని రెవెన్యూ బోర్డుకును చేరి, ఫసలీ సంవత్సరము ముగియునప్పటికి పంటల నివేదికగా అచ్చుపడవలెను. హైదరాబాదు రాజ్యమున పట్వారీ చేతి పహాణీయు ఇట్టి పనినే చేసెను. కరణము వ్రాసినదంతయు సత్యమని చెప్పబోను; కరణమును గూర్చి మన పల్లెలలో పుట్టిన సామెతలు ఊరక పుట్టలేదు. అయినను, 1984లో ఆంధ్రప్రదేశమున కరణము, మునసబు పదవులు రద్దగువరకును, దేశపు సాగు విస్తీర్ణమును గూర్చి ఢిల్లీలో ఎవరేమి చెప్పినను అందులో మన భాగము ఆ వసారాలో, ఆ కలముతో వ్రాయబడినదే.

విస్తీర్ణమును కొలతగొలుసు చెప్పును, దిగుబడిని చెప్పునదేది? దేశమున పెక్కు ప్రాంతములలో దానిని అణాలలెక్కన అంచనా కట్టెడివారు. నిండు పంటను పదహారణాలుగా భావించి, ఈయేడు పండ్రెండణాలు, ఈయేడు ఎనిమిదణాలు అని గ్రామోద్యోగి కంటిచూపుతో నిర్ణయించును. శిస్తు తగ్గింపునకు రైతు తక్కువ చెప్పును; వసూలునకు అధికారి ఎక్కువ కోరును; ఆ రెండింటి నడుమ కంటిచూపు ఎటు వాలునో ఎవరికెరుక? ఈ లోపమునకు తోడు, శాశ్వత శిస్తు నిర్ణయము జరిగిన జమీందారీ ప్రాంతములలో శిస్తు ఏటేట మారనిది కాబట్టి, చేను చేనునకు లెక్క వ్రాయవలసిన యవసరమే సర్కారునకు కలుగలేదు. ఉత్తర సర్కారుల జమీందారీలలో ఈ కొరత కొంత కలదు; బంగాళమునను, బీహారమునను అది సర్వత్ర కలదు. కోట్లాది జనులు వరి పండించి తిను బంగాళమున వరి యెంత పండుచున్నదో చెప్పగలవాడు లేకపోయెను. ఈ లేమియే తరువాతి కాలమున ఒక గొప్ప శాస్త్రమునకు కారణమైనది.

ధాత కరువు పిదప 1880లో నివేదిక సమర్పించిన క్షామ విచారణ సంఘము, పంటల స్థితిని, ధాన్యపు ధరలను ముందుగా ఎరుగుటయే క్షామ నివారణకు మొదటి సాధనమని గుర్తించి, రాష్ట్రములందు వ్యవసాయ శాఖలు నెలకొల్పి వివరములు సేకరింపవలెనని సిఫారసు చేసెను. 1884 నుండి గోధుమ పంటపై ముందస్తు అంచనాలు వెలువడసాగినవి. 1895లో గణాంకములకు ప్రత్యేకముగా ఒక కేంద్ర కార్యాలయము ఏర్పడినది. రేవులలో సుంకము వసూలగును కాబట్టి ఎగుమతి దిగుమతుల లెక్కలు ఖచ్చితముగా వచ్చెడివి. కాకినాడ రేవున ఎక్కిన నూనెగింజల విలువ లండనులోని వర్తకునకు నెలలోగా తెలియును కాని, ఆ గింజలు పండించిన రైతు ఇంట ఏటికి ఎంత మిగులుచున్నదో ఏ కార్యాలయమునకును తెలియదు. రాజ్యమునకు ఏది రాబడి తెచ్చునో అదియే లెక్కకు ఎక్కెను. 1925లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి అధ్యక్షతన ఆర్థిక విచారణ సంఘము ఈ వైపరీత్యమును వివరించి, దేశమంతటికి వర్తించు గణాంక శాసనము కావలెనని కోరినది. 1934లో ఇంగ్లండునుండి వచ్చిన బౌలీ, రాబర్ట్‌సన్ పండితులు ఆర్థిక గణనకు సమగ్రమైన పథకమునే రచించి యిచ్చిరి. ఆ రెండు నివేదికలును చాలవరకు కాగితముపైననే నిలిచినవి.

ప్రభుత్వము చేయనిదానిని ఒక యువకుడు కొంతవరకు సాధించెను. కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రము చదివిన వి. కె. ఆర్. వి. రావు, 1931-32వ సంవత్సరమునకు బ్రిటిషిండియా జాతీయాదాయమును లెక్కకట్టి 1940లో గ్రంథముగా ప్రకటించెను. ఆయన పద్ధతి నౌరోజీ పద్ధతికంటె నిశితమైనది. పొలము, గని, అడవి మొదలగువాని యందు పుట్టిన వస్తువుల విలువను లెక్కించెను. వకీలు, గుమాస్తా, బండివాడు, చాకలి మొదలగు సేవావృత్తులవారి విషయమున వారి సంపాదనలనే లెక్కించెను. ఒకే వస్తువు రెండుమారులు లెక్కకు రాకుండ జాగ్రత్తపడెను. తన అంచనాలో తప్పు ఎంతవరకు పోవచ్చునో దానినిగూడ దాచక చెప్పెను. ఆయన తేల్చిన తలసరి ఆదాయము 62 రూపాయలు. వాదమున నెగ్గుటకు గాక తెలిసికొనుటకు కట్టిన లెక్క గనుక, తరువాతివారు దానిపై నిలిచి మరియొక యడుగు వేయగలిగిరి.

నియతకాలికమైన గణన సర్కారువారికి నిజముగా అవసరమైనది రెండవ ప్రపంచ యుద్ధకాలమున. నోట్లు పెరిగి, సరుకులు తరిగి, ధరలు ఆకాశమునంటుచుండగా, 1942 జనవరి 10తో ప్రారంభమైన వారము మొదలు భారత ప్రభుత్వ ఆర్థిక సలహాదారు కార్యాలయము టోకు ధరల సూచీని వారము వారము ప్రకటింపసాగెను. యుద్ధమునకు కొలదిదినముల ముందటి వారము, 1939 ఆగస్టు 19తో ముగిసిన వారపు ధరలను 100గా నెంచి, 23 సరుకుల ధరలు దానినుండి ఎంత యెగబ్రాకినవో ఆ సూచీ చూపెడిది. కాని ధర తెలిసినంతమాత్రమున ధాన్యము తెలియదు. 1943లో బంగాళమున మరల క్షామము వచ్చినప్పుడు, రాష్ట్రమున బియ్యము నిజముగా తక్కువా, లేక దాచబడినదా అన్న వివాదమున అమూల్యమైన కాలము గడచిపోగా, లక్షోపలక్షల జనులు కలకత్తా వీధులలోను, పల్లెలలోను ప్రాణములు విడిచిరి. లెక్క లేకుండుట ఒక్కటియే ఆ మరణములకు కారణము కాదు. కాని లెక్క లేని చీకటిలో అలక్ష్యమునకును, దురాశకును చాటు దొరకినదనుట నిజము.

ఆ బంగాళముననే, 1931 డిసెంబరులో ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటును స్థాపించియుండెను. గ్రామ లెక్కలు లేని సీమలో జనపనార ఎంత పండునో చెప్పవలసి వచ్చి, ఆయన 1937 నుండి నమూనా పద్ధతిని పొలములలో ప్రయోగించెను. ఉడికినదా లేదా తెలియుటకు అన్నమంతయు పట్టి చూడనక్కరలేదు, ఒక మెతుకు చాలునన్నది మన ఇండ్లలోని మాట. అయితే ఏ మెతుకును పట్టవలెనో పట్టువాని ఇష్టమునకు విడువరాదని, యాదృచ్ఛికముగనే ఎన్నుకొనవలెనని, రెండు దళములను వేరువేరుగా పంపి వారి ఫలితములను ఒకదానితో నొకటి సరిపోల్చి తప్పును కొలువవలెనని నియమించుట మహలనోబిస్ ప్రతిభ. 1940 దశకముననే సుఖాత్మే, పాన్సే అను శాస్త్రజ్ఞులు దిగుబడికి అణాల అంచనాను త్రోసిరాజని, యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న మడిలో కొలిచిన తుండును కోయించి, నూర్పించి, తూచి చూచు పంటకోత ప్రయోగములను దేశమున నెలకొల్పిరి. కంటిచూపు చెప్పుచుండినదానిని త్రాసు చెప్పసాగెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి 1941లో మహలనోబిస్ సంస్థకు వెళ్లిన మన కల్యంపూడి రాధాకృష్ణరావు, పాతికేండ్ల వయసుననే, ఒక నమూనానుండి సత్యమునకు ఎంత చేరువగా పోవచ్చునో దాని యెల్లను నిరూపించి, ప్రపంచ గణాంక శాస్త్రమున శాశ్వత స్థానమును పొందెను.

స్వాతంత్ర్యము వచ్చిన రెండేండ్లకు, 1949 ఆగస్టులో, ప్రభుత్వము జాతీయాదాయ సంఘమును నియమించెను. అధ్యక్షుడు మహలనోబిస్, సభ్యులు గాడ్గిల్, వి. కె. ఆర్. వి. రావు. వారు 1951లో సమర్పించిన మొదటి నివేదిక 1948-49వ సంవత్సరపు జాతీయాదాయమును 8,710 కోట్ల రూపాయలుగాను, తలసరి ఆదాయమును 255 రూపాయలుగాను చెప్పినది. 1954లో వెలువడిన తుది నివేదిక మెరుగైన సమాచారముతో ఆ మొత్తమును 8,650 కోట్లకు తగ్గించినది. తాము చెప్పినదానిని తామే దిద్దుకొని, ఆ దిద్దుబాటును బహిరంగముగా ప్రకటించుట ఆ సంఘము మనకు నేర్పిన మర్యాద. లోపములను పూరించుటకై 1950లో జాతీయ నమూనా పరిశీలన ఆరంభమై, మొదటి విడతలోనే 1,833 గ్రామములను ఎన్నుకొన్నది. 1951లో కేంద్ర గణాంక సంస్థ ఏర్పడినది. ఆనాటినుండి జాతీయాదాయపు లెక్క ఒక వ్యక్తి సాహసము గాక, ఏటేట తీర్చవలసిన రాజ్యధర్మమైనది.

ఇట్టి లెక్కలు దేశపు నడకను మార్చిన సందర్భములు కలవు. 1951-52లో రిజర్వు బ్యాంకు 75 జిల్లాలలో గ్రామీణ ఋణ పరిశీలన జరిపింపగా, రైతు తెచ్చుకొను అప్పులో సహకార సంఘముల వంతు నూటికి మూడు మాత్రమే యని, పెద్ద వంతు వడ్డీవ్యాపారులదే యని 1954లో గోర్వాలా సంఘము నివేదించెను. అర్ధ శతాబ్దముగా సహకారోద్యమము వర్ధిల్లుచున్నదని వేదికలపై విని తృప్తిచెందినవారికి ఆ మూడు అను అంకె మేలుకొలుపైనది. ఆ నివేదిక ఫలితముగనే 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారి పల్లెలకు దారి పట్టెను. ఆ విధముగనే, 1921లో బొంబాయి కార్మిక కార్యాలయము మొదలిడిన జీవన వ్యయ సూచీ క్రమముగా దేశమంతట విస్తరించి, 1960 ఆధార సంవత్సరపు వరుసలో మన గూడూరు, గుంటూరు, హైదరాబాదు కేంద్రముల ధరలను గూడ చేర్చుకొని, కోట్లాది కార్మికుల, ఉద్యోగుల కరువు భత్యమునకు ఆధారమైనది. గూడూరు అంగడిలో బియ్యపు ధరను నిజాయితీతో వ్రాసికొనిన ధరల సేకర్త, తాను చూడని యెందరి సంసారములకో న్యాయము చేసినవాడు.

నేడు ఆ వరుసలు పెక్కైనవి. రిజర్వు బ్యాంకు వారము వారము తన పద్దును విప్పి చూపును. ధరల సూచీలు, పారిశ్రామికోత్పత్తి సూచీ నెలనెల వచ్చును. 1999 నుండి స్థూల దేశీయోత్పత్తి మూడు నెలలకొకమారు ప్రకటింపబడుచున్నది. వీని విలువ సంఖ్యలో లేదు, తప్పని వేళలో కలదు. 2020 ఆగస్టు 31న, మహమ్మారి కాలపు మొదటి త్రైమాసికమున ఉత్పత్తి అంతకు ముందటి యేటికంటె నూటికి 23.9 వంతులు పడిపోయినదని ప్రభుత్వ కార్యాలయమే చెప్పవలసి వచ్చెను. అది కఠోరమైన వార్త. అయినను తన దినమున వచ్చినది గనుక దేశము దానిని నమ్మినది, దానిపై ఆలోచించినది. దీనికి విరుద్ధముగా, 2017-18 నాటి కుటుంబ వ్యయ పరిశీలనా ఫలితములు నాణ్యత చాలదను కారణముచే ప్రకటింపబడలేదు. తత్ఫలితముగా 2011-12 మొదలు 2022-23 వరకు పేదవాని వంటింటిని గూర్చి దేశమునకు ప్రామాణికమైన లెక్క లేకపోయెను. 1881 నుండి పదేండ్లకొకసారి తప్పక జరిగిన జనగణన 2021లో జరుగలేదు. లెక్కలో లోపమున్నచో లోపమును పేర్కొని ప్రకటించుట 1951-54 నాటి పెద్దలు వేసిన బాట. ఆ బాటను విడుచుట క్షేమకరము కాదు.

గణాంకములు పాలకుని శిస్తు కొరకు పుట్టినవి. నౌరోజీవంటివారు వానిని ప్రజల పక్షమున మాటాడించిరి. మహలనోబిస్ తరము వారు వానికి శాస్త్రమును, కాలనియమమును ఒసగిరి. ఈ మూడు తరముల కృషి మన చేతికి వచ్చినది. ఇకమీదట దానిని నిలుపుకొను భారము ప్రభుత్వముపై ఎంతయో పౌరులపైనను అంతయే కలదు. ఇంటిముందుకు వచ్చిన పరిశీలకునికి ఆదాయమును తగ్గించియు, వ్యయమును దాచియు చెప్పువారు, తరువాత అంకెలు అసత్యములని నిందించుట తగదు. పాలకుడు అంకె వెలువడు దినమును మార్చినచో దానిని తనకు సంబంధింపని విషయమని ఉపేక్షించుటయు తగదు. అనుకూలమైననాడు మాత్రమే వెలువడు లెక్క లెక్క కాదు, అది ప్రశంస. తన దినమున, తన కొలతతో, ఎవరికి రుచించినను రుచింపకున్నను వెలువడు లెక్కయే దేశమునకు పద్దు. అట్టి పద్దును అడుగుట ప్రతి పౌరుని హక్కు, నిజము చెప్పి దానిని నిలుపుట ప్రతి పౌరుని విధి.